పైన విమానాలు - క్రింద దాహం

మన సంచికకు ఏదైనా వ్రాయమని సైన్సు విద్యార్థిని అడిగితే "విజ్ఞానము - వినాశము" అని ఒక వ్యాసం ఇస్తాడు. అది ప్రతి సంవత్సరమూ అచ్చవుతుంది. వ్రాసినవాడూ, ప్రూఫులు దిద్దినవాడూ తప్ప మూడోవాడు చదివినట్లు సాక్ష్యం లేదు. నేను ఆ పని చేయదలచుకోలేదు. నా కళ్ళతో చూచిన ఒక సంగతిని గూర్చీ, దాని మీద మా హాస్టలు గదిలో ఏడాదికి పైగా తెగని ఒక వాదాన్ని గూర్చీ వ్రాస్తాను.

సంగతి ఇది. భారత వైమానిక దళం 92వ వార్షికోత్సవం సందర్భంగా 2024 అక్టోబరు 6వ తేది ఆదివారం నాడు చెన్నై మెరీనా తీరంలో విమాన విన్యాసాలు జరిగాయి. 72 విమానాలూ హెలికాప్టర్లూ పాల్గొన్నాయి. జనం లక్షల్లో వచ్చారు. 15 లక్షలని పత్రికలు వ్రాశాయి. ఎండదెబ్బకు 5 మంది చనిపోయారు. ఇక వాదం ఏమిటంటే, ఆ 5 మంది చావుకు పూచీ ఎవరిది? మా గదిలో మేము నలుగురం. "నీళ్ళు తీసుకుపోకపోవడం వాళ్ళ తప్పే" అనే పక్షానికి మూడు ఓట్లు పడ్డాయి. నాలుగో ఓటు నాది. మా నలుగురిలో ఆ ఇసుకలో నిలబడినవాడిని నేనొక్కడినే.

మాది సూళ్ళూరుపేట దగ్గర పల్లె. శ్రీహరికోట నుంచి రాకెట్టు లేస్తే మా పొలం గట్టు మీద నుంచే కనబడుతుంది. నాట్లు వేసే ఆడవాళ్ళు నడుము పైకెత్తి, చేయి అడ్డం పెట్టుకొని చూచి, "పొయ్యింది" అనుకొని మళ్ళీ వంగుతారు. కాబట్టి ఆకాశంలో ఏదో ఎగిరిందంటే నోరు తెరిచే జాతి కాదు మాది. అయినా దసరా సెలవులకు ఇంటికి పోయినపుడు మా మామ "మెరీనాలో విమానాలాట, పోదామా?" అంటే చాలా రోజుల తర్వాత చిన్నపిల్లవాణ్ణయిపోయాను. రాకెట్టు పోయేదే గాని వచ్చేది కాదు. విమానం మన ముందుకు వచ్చి, తిరిగి, మన కోసమే అన్నట్లు మళ్ళీ వస్తుంది.

మా నాయన మాత్రం వేళ అడిగాడు. ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 1 వరకు అని చెప్పాను.

"ఆ పొద్దులో ఎవుడురా పెట్టింది? ఎద్దులున్న కాలంలో ఎద్దులను గూడా పదకొండుకి కాడి విప్పేవాళ్ళం గదా" అన్నాడు.

మా అమ్మ ఏమీ అనకుండా రెండు పెద్ద సీసాల నిండా ఉప్పు వేసిన పలచటి మజ్జిగ పోసి ఇచ్చింది. మామ, నేను, మా చిన్నాన్న కొడుకు పదేళ్ళవాడు, ముగ్గురం తెల్లవారు రైలెక్కాము. సెంట్రలులో దిగి జనంతో పాటు నడిచాము. దారి అడిగే అవసరమే లేకపోయింది, జనమే దారి. తొమ్మిదికి ఇసుకలో ఉన్నాము. అప్పటికే కాళ్ళు పెట్టడానికి చోటు లేదు. చెట్లన్నీ రోడ్డుకు అవతలి వైపు. ఇవతల ఇసుక, దాని ముందు సముద్రం, పైన సూర్యుడు. ఇంకే అడ్డమూ లేదు. గొడుగు తెచ్చినవాడు ఆ పూటకు జమీందారు.

విన్యాసాలను తక్కువ చేసి చెప్పను. మొదట గరుడ కమాండోలు బందీని విడిపించే ఘట్టం ప్రదర్శించారు. తర్వాత రఫేల్, సుఖోయ్, తేజస్, సారంగ్ హెలికాప్టర్లు. నెమలి బొమ్మలు వేసుకొన్న ఆ ధ్రువ్ హెలికాప్టర్లు ఒకదాని కెదురుగా ఒకటి వచ్చి అడ్డంగా తప్పుకొంటుంటే మా తమ్ముడు కళ్ళు మూసుకొన్నాడు. పాత డకోటా ఒకటి గుడగుడమంటూ మెల్లగా పోయింది. 1947 అక్టోబరులో శ్రీనగర్‌కు మన సైనికులను చేర్చినది ఆ రకం విమానాలే. మామకు అన్నింట్లోకి అదే నచ్చింది. "ఇది మన ట్రాక్టరు మాదిరి ఉంది, చెడిపోతే మనమే విప్పుకోవచ్చు" అన్నాడు.

వేగంగా వచ్చే యుద్ధ విమానాన్ని చూడడం ఒక విద్య. మా తమ్ముడు చప్పుడు వినబడ్డ వైపు తల తిప్పేవాడు, అక్కడ ఏమీ ఉండదు. "ఏదన్నా, ఏదీ?" అని ఏడుపు ముఖం పెట్టాడు. వాడికి ఆ రోజు నా చదువు ఉపయోగపడింది. గంటకు 900 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 250 మీటర్లు. మనకు కిలోమీటరు దూరంలో ఉన్న విమానం చప్పుడు మన చెవికి చేరడానికి దాదాపు 3 సెకనులు పడుతుంది. ఆ లోపల విమానం ముప్పాతిక కిలోమీటరు ముందుకు పోయి ఉంటుంది. అందుకని చప్పుడు కంటె ముందుకు చూడాలి. చెప్పిన తర్వాత వాడు నా కంటె ముందే పట్టేశాడు. చుట్టుప్రక్కల తమిళ పిల్లలకు కూడా వ్రేలు చూపించి నేర్పాడు. భాష అక్కర్లేకపోయింది.

సూర్యకిరణ్ దళాన్ని గూర్చి ఒక మాట చెప్పాలి. ఈ దళం 1996లో మనకు ప్రక్కనే ఉన్న బీదరులో పుట్టింది. ఇప్పుడు హాక్ జెట్ విమానాలు నడుపుతున్నది. 9 విమానాలు రెక్క ప్రక్కన రెక్క, మధ్య కొద్ది మీటర్లే, అన్నీ ఒకేసారి వాలి ఒకేసారి లేస్తాయి. వెనక వదిలే తెల్ల పొగ నిజానికి పొగ కాదు, ఇంజను వేడి గాలిలోకి పంపిన నూనె ఆవిరై, చల్లబడి తుంపరగా మారిందే. లోపల కూర్చున్నవాడి అవస్థ మనకు క్రింద నుంచి తెలియదు. మలుపులో గురుత్వాకర్షణకు ఆరు రెట్లు బరువు మీద పడిందనుకోండి. 60 కిలోల మనిషి 360 కిలోలవుతాడు. మా లెక్కలో చెప్పాలంటే దాదాపు ఐదు ధాన్యం బస్తాలు. నెత్తురు తలలో నుంచి కాళ్ళలోకి దిగజారుతుంది, చూపు మసకబారుతుంది. అందుకే కాళ్ళనూ పొట్టనూ బిగించి పట్టే ప్రత్యేకమైన ఉడుపు తొడుక్కొంటారు. అంటే పైన ఎగిరే మనిషి ఒంట్లో నెత్తురు ఎటు పోతుందో ఎవరో ఒకరు కూర్చొని ముందే ఆలోచించారన్న మాట.

క్రింద నిలబడ్డ మనిషి ఒంట్లో నీళ్ళు ఎటు పోతాయో కూడా అంతే శ్రద్ధగా ఎవరైనా ఆలోచించారా? నా అభ్యంతరం అంతా ఈ ఒక్క చోటే.

పన్నెండు ప్రాంతంలో మాకు ఇరవై అడుగుల దూరంలో ఒక పెద్దాయన చతికిలబడ్డాడు. ప్రక్కవాళ్ళు చొక్కా బొత్తాలు విప్పి పత్రికతో విసిరారు. నలుగురు ఎత్తుకొని వెనక్కు పోదామంటే దారి లేదు. "వళి విడుంగ, వళి విడుంగ" అని అరుస్తున్నారు. సరిగ్గా అప్పుడే ఒక జెట్టు నెత్తి మీదుగా చెవులు పగిలేటట్లు పోయింది. అందరూ, నాతో సహా, తల పైకెత్తాము. తల దించేసరికి ఆ నలుగురూ పది అడుగులు కూడా కదలలేదు. తర్వాత ఒక పోలీసు వచ్చి దారి చేశాడు. ఆ పెద్దాయన ఏమయ్యాడో నాకు తెలియదు. మా మజ్జిగ సీసాలు రెండూ అప్పటికే ఖాళీ. ఒక దాంట్లో సగం ముందు వరసలో చంటిబిడ్డ మీద కొంగు కప్పుకొని కూర్చున్న తల్లికి మామ ఇచ్చేశాడు.

"నీళ్ళు తీసుకుపోవాలి గదా" అనే మిత్రులకు ఒక చిన్న లెక్క. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే ఒంట్లో నుంచి సుమారు 580 కిలోకెలోరీల వేడి పోతుంది. మన శరీరానికి ఉన్న ఎయిర్ కూలర్ అదే. కాని సముద్రపు ఒడ్డున గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆవిరి కాదు, కారిపోతుంది. కారిన చెమట వల్ల నీళ్ళు పోవడమే గాని ఒళ్ళు చల్లబడదు. దానికి తోడు మనిషికి మనిషి ఆనుకొని నిలబడితే వీచే గాలి కూడా అడ్డుపడుతుంది. అటువంటి చోట గంటకు లీటరు నీరు కోల్పోవడం వింతేమీ కాదు. చోటు దొరకాలని ఎనిమిదికే వచ్చి, ఆట ముగిసే ఒంటి గంట దాకా, తర్వాత జనంలో నలిగి రైలు దొరికేదాకా లెక్క వేయండి. ఆరేడు గంటలు. ఆరేడు లీటర్లు సంకలో పెట్టుకొని, పిల్లను ఎత్తుకొని ఏ తల్లి నడుస్తుంది? 10 లక్షల మందికి తలకు ఒక్క లీటరు చొప్పున ఇవ్వాలన్నా, పది వేల లీటర్ల ట్యాంకర్లు 100 కావాలి. ఒక్కొక్కడు జాగ్రత్తపడితే తీరిపోయే లెక్క కాదిది. పిలిచినవాడు చేసుకోవలసిన లెక్క.

పిలిచినవాడు అన్నాను, ఆ మాట మీద కొంచెం నిలబడతాను. ఆ జనం తమంతట తాము వచ్చిన జనం కాదు. రండి, చూడండి అని నగరమంతా చాటి పిలిస్తే వచ్చారు. మన పల్లెల్లో పెళ్ళికి పిలిచినవాడు వాకిట్లో నీళ్ళ బిందె పెట్టకపోతే ఏమంటారో మీకు తెలుసు. వచ్చినవాడు ఇంటి నుంచి చెంబు తెచ్చుకోలేదేమని ఎవ్వరూ అడగరు. శ్రీరామ నవమి పందిట్లో పానకం, ఎండాకాలం దారి ప్రక్కన చలివేంద్రం, ఇవి మనం ఏ ఇంజనీరింగు కాలేజీలోనూ నేర్చుకోలేదు.

వైమానిక దళం అడిగిన దానికంటె ఎక్కువ ఏర్పాట్లే చేశామని, అనుకొన్నదానికంటె జనం ఎక్కువ వచ్చారని ప్రభుత్వం చెప్పింది. చనిపోయినవారి కుటుంబాలకు తలా 5 లక్షల రూపాయలు ప్రకటించింది. అంబులెన్సులూ, ఆస్పత్రి పడకలూ సిద్ధం చేసిన మాట కూడా నిజమే కావచ్చు. కాని అంబులెన్సు పడిపోయినవాడి కోసం. నీళ్ళూ నీడా పడిపోకుండా ఉండడం కోసం. మొదటిది ఎంత ఉన్నా రెండవదానికి బదులు కాదు. పైగా ఆ జనంలో అంబులెన్సు కదిలేదెట్లా?

విమాన ప్రదర్శనల చరిత్ర చూస్తే నాకు ఆశ్చర్యం కలిగే విషయం ఒకటున్నది. 1988లో జర్మనీలోని రామ్‌స్టైన్‌లో విన్యాసాల విమానాలు ఢీకొని ఒకటి జనం మీద పడి 70 మంది చనిపోయారు. 2002లో ఉక్రెయిన్‌లోని ల్వీవ్ దగ్గర యుద్ధ విమానం జనంలోకి దూసుకుపోయి 77 మంది పోయారు. మన హైదరాబాదులోనే 2010 మార్చి 3న బేగంపేట ప్రదర్శనలో నౌకాదళపు సాగర్ పవన్ విమానం ఇళ్ళ మీద కూలి అందులోని ఇద్దరూ మరణించారు. 2019 ఫిబ్రవరిలో బెంగుళూరు యెలహంకలో రెండు సూర్యకిరణ్ విమానాలు సాధనలో ఢీకొని ఒక పైలటు పోయాడు. 2025 నవంబరు 21న దుబాయి ప్రదర్శనలో తేజస్ కూలి దాని పైలటు పోయాడు. ఇన్ని చావుల నుంచి విమానాలవాళ్ళు పాఠాలు నేర్చుకొన్నారు. జనానికీ ఆటకూ మధ్య ఎంత దూరం ఉండాలి, విమానం ముక్కు ఎటు తిరిగి ఉండాలి అని గీతలు గీశారు. మెరీనాలో కూడా ముఖ్యమైన విన్యాసాలన్నీ సముద్రం మీదే జరిగాయి. ఏదైనా పడినా నీళ్ళలో పడుతుంది. ఆ రోజు ఏ విమానం వల్లా, ఏ చూపరికీ గోరంత గాయం కాలేదు. చనిపోయిన వాళ్ళు ఎండ వల్ల చనిపోయారు. అంటే ఎంతో కష్టమైన ప్రమాదాన్ని జయించి, మా నాయన ఇంట్లో కూర్చొని చెప్పగలిగిన ప్రమాదం దగ్గర ఓడిపోయామన్న మాట.

వేళ మార్చరాదా? ఉదయం ఏడింటికి పెట్టమని మా గదిలో ఒకరన్నారు. మెరీనాలో అది కుదరదు. సముద్రం తూర్పున ఉంది, పొద్దుటి సూర్యుడు సరిగ్గా కళ్ళలో పొడుస్తాడు. పొలంలో తూర్పు ముఖంగా కలుపు తీసినవాడికి ఈ సంగతి తెలుసు. సాయంకాలం నాలుగింటికి పెడితే సూర్యుడు వీపు వెనక్కి వస్తాడు. విమానాలు కూడా ఎదుటి వెలుగులో మెరుస్తూ బాగా కనబడతాయి. ఇది నేను కనిపెట్టింది కాదు. విశాఖపట్నం రామకృష్ణా బీచిలో మన నౌకాదళంవారు తమ విన్యాసాలను సాయంకాలం పూటే చేస్తున్నారు. అదీ డిసెంబరు, జనవరి చలి రోజుల్లో. అదే సముద్రం, అదే తూర్పు, అదే జనం. నాలుగు వందల మైళ్ళ దూరంలో తెలిసిన విషయం ఇక్కడ తెలియకపోవడమేమిటి?

జనాన్ని లెక్కపెట్టుకోవడం కూడా సాధ్యమే. మా ప్రక్కనే శ్రీహరికోటలో 2019 నుంచి ప్రయోగాలు చూడడానికి గ్యాలరీ కట్టారు. ముందుగా పేరు నమోదు చేసుకొన్నవారికే ప్రవేశం. ఎంతమంది వస్తారో ముందే తెలిస్తే ఎన్ని బిందెల నీళ్ళు కావాలో తెలుస్తుంది. మెరీనాకు గేటు పెట్టలేమంటారా, ఒప్పుకొంటాను. అపుడు ఎక్కువ మంది వస్తారనే లెక్కతోనే సిద్ధం కావాలి. "ఇంతమంది వస్తారనుకోలేదు" అన్న మాట మనం తరచు వింటున్నాము. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర 6 మంది పోయారు. అదే ఏడు జూన్ 4న బెంగుళూరు క్రికెట్ స్టేడియం దగ్గర 11 మంది పోయారు. ఈ దేశంలో జనం ఎక్కువ వస్తారని ఇంకా ఎవరు చెప్పాలి?

మా గదిలో ఇంకొక మిత్రుడి వాదం వేరు. అసలు ఈ ఆటలే దండగ, ఆ నూనె ఖర్చుతో ఎన్ని బడులకు కప్పులు వేయవచ్చు అంటాడు. ఆయనతో నేను పూర్తిగా ఏకీభవించను. పైలటు సాధన చేయకుండా ఉండడు, ఆ సాధనలో రెండు గంటలు మనకు చూపిస్తే తప్పేమిటి? రైలు చార్జీ పెట్టుకొన్న రైతు బిడ్డ రఫేల్‌ను తన తల మీద చూడగలగడం చిన్న విషయం కాదు. ఆ చప్పుడుకు నాకు రొమ్ము అదిరింది, రోమాలు నిక్కబొడుచుకొన్నాయి, చప్పట్లు కొట్టాను. కాని ఒకటుంది. మైకులో చెప్పినాయన వేగం చెప్పాడు, ఎత్తు చెప్పాడు, రికార్డు చెప్పాడు. ఆ విమానం అసలు ఏ పని కోసం తయారయిందో గట్టిగా చెప్పినట్లు నాకు వినబడలేదు. 2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ జరుగుతున్న రాత్రుల్లో మా తమ్ముడు టీవీ ముందు కూర్చొని, "అన్నా, ఇవి మనం చూచినవేనా?" అని ఫోనులో అడిగాడు. అవే రకంరా అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. మెరీనాలో కళ్ళు మూసుకొన్నప్పటి కంటె ఎక్కువ భయపడ్డాడని నా అనుమానం. పిల్లలకు ఆ భయం కూడా కొంచెం తెలిసి ఉండడమే మంచిదనుకొంటాను.

మైకులో వినబడనివి ఇంకొన్ని ఉన్నాయి. ఒక్క విమానం లేవాలంటే క్రింద నూనె పోసేవాడు, బోల్టులు బిగించేవాడు, చక్రాల గాలి చూచేవాడు ఎంతోమంది ఉంటారు. మా ఊరి కుర్రవాడొకడు అగ్నివీర్ వాయుగా చేరాడు. నాలుగేళ్ళ కొలువు, ఆ తర్వాత నూటికి 25 మందికి మించి ఉంచుకోరు. వాడు పైకెగరడు. ఎగిరేవాడు క్షేమంగా దిగేటట్లు చూస్తాడు. పల్లెల నుంచి పోయేవాళ్ళలో ఎక్కువమంది చేసే పని ఇదే. వాళ్ళను కూడా ఒక పది నిముషాలు ఇసుక మీద నడిపించి, ఇతడు ఇంజను చూస్తాడు, ఇతడు పారాషూటు మడత పెడతాడు అని చెప్పి ఉంటే జనం చప్పట్లు కొట్టకపోదురా? విమానం ప్రయాణం నేల మీదే మొదలవుతుందన్న సంగతి పిల్లలకు తెలిసేది.

తిరుగు రైలు కోసం మూడు గంటలు పట్టింది. ఇల్లు చేరేసరికి రాత్రయింది. చావుల సంగతి మాకు టీవీలోనే తెలిసింది. మా అమ్మ మామను ఏమీ అనలేదు గాని, ఖాళీ సీసాలు రెండూ చేతిలోకి తీసుకొని, "ఇంకొకటి పోసి పంపాల్సింది" అంది.

ఓటింగు ఇప్పుడు ఎట్లా ఉందంటారా? ట్యాంకర్ల లెక్క కాగితం మీద వేసి గోడకు అంటించిన తర్వాత ఒక మిత్రుడు నా వైపు వచ్చాడు. రెండు, రెండు. మన కళాశాల క్రీడా దినోత్సవం వచ్చే నెలలో, మిట్టమధ్యాహ్నం, చెట్టు లేని మైదానంలో జరగబోతున్నది. మూడు డ్రముల మంచినీళ్ళు, ఒక షామియానా కావాలనీ, ఆటలు మూడింటి తర్వాత మొదలుపెట్టాలనీ మన సంఘం కార్యదర్శిగారికి వ్రాతపూర్వకంగా కాగితం ఇచ్చాను. డ్రములకు ఒప్పుకొన్నారు. షామియానా సంగతి కార్యవర్గంలో పెడతామన్నారు. వేళ మార్చడం మాత్రం ముఖ్య అతిథిగారి వీలును బట్టి అట.